తక్కువ ఖర్చులో ఏషియన్ థీమ్ పెళ్లి డెకరేషన్, లాంతర్లు ఆర్డర్ పెట్టే ముందు ఒక్కసారి చూసి చెప్పండి

ఆఖరినిమిషం:

అందరికీ హాయ్. మా చెల్లి పెళ్లి ఇంకో ఏడు వారాల్లో ఉంది, హాల్ బుక్ అయిపోయింది, బట్టలు అయిపోయాయి, డెకరేషన్ మాత్రం నా నెత్తిన పడింది. అబ్బాయి వాళ్లమ్మ వైపు వాళ్లు చైనా మూలాలున్న కుటుంబం, అందుకని చెల్లి "ఏషియన్ థీమ్ పెట్టుకుందాం అక్కా" అంది. మనమూ ఏషియాలోనే ఉన్నాం కదే అంటే దానికి నవ్వు రాలేదు.

డెకరేటర్ని అడిగా. ఆయన చెప్పిన అంకె విని మళ్లీ చెప్పమన్నా, సున్నా ఏమన్నా ఎక్కువ విన్నానేమో అని. ఎక్కువ వినలేదు. అందుకే మేమే చేసుకుందాం అని డిసైడ్ అయ్యాం, చేతులు ఆరుగురివి ఉన్నాయి, అందులో ఇద్దరు ఫోన్ చూసుకుంటూ కూర్చునే బాపతు.

హాల్ గురించి చెప్పాలంటే పెద్దగా ఏం లేదు, మామూలు గోడలు, ట్యూబ్ లైట్లు, సీలింగ్ బాగా ఎత్తు. 120 మంది వస్తారు, ఎనిమిదేసి మంది కూర్చునేలా 15 టేబుళ్లు. మా చెల్లి ఫోన్‌లో రెండొందల ఫోటోలు దాచుకుంది, అందులో చెర్రీ పూల కొమ్మలున్నాయి, ఎర్ర గేటు లాంటిదొకటుంది, డ్రాగన్ ఉంది, ప్రతి టేబుల్ మీద బుద్ధుడి తల ఉంది, వెదురు ఉంది, కాగితం గొడుగులున్నాయి, ఇక తెల్ల కాగితం లాంతర్లయితే లెక్కలేదు. ఆ తెల్ల లాంతర్లు 60 కార్ట్‌లో పెట్టేశా, అన్నిటికన్నా చవగ్గా ఉన్నాయి, ఇవాళ రాత్రి ఆర్డర్ కొట్టేద్దామనుకుంటున్నా. ఇంకేం చేస్తే తక్కువలో నిండుగా కనపడుతుంది? చేసినవాళ్లు ఎవరన్నా ఉంటే చెప్పండి ప్లీజ్.

కత్తెర_అక్క:

ఆగు ఆగు ఆగు. ఆ కార్ట్ ముందు ఖాళీ చెయ్యి, తర్వాత మాట్లాడుకుందాం.

చైనా వాళ్లలో తెల్ల లాంతర్లు కట్టేది చావు జరిగిన ఇంటికి. తెలుపు వాళ్లకి సంతాపం రంగు. ఇప్పటి పిల్లలు తెల్ల గౌన్లు వేసుకుని పెళ్లి చేసుకుంటున్నారు, అది వేరే, దానికి ఎవరూ ఏమనుకోరు. కానీ అబ్బాయి అమ్మమ్మో తాతయ్యో వస్తే వాళ్లు గుమ్మంలోకి అడుగు పెట్టగానే తల మీద 60 తెల్ల లాంతర్లు వేలాడుతూ కనిపిస్తే ఎలా ఉంటుందో ఆలోచించు. ఎరుపు తీసుకో, కొంచెం బంగారు రంగు కలుపు, అయిపోయింది. ఎరుపు లాంతరు కూడా దాదాపు తెల్ల దాని రేటుకే వస్తుంది.

రెండోది, ఆ రెండొందల ఫోటోల్లో కనీసం మూడు దేశాలున్నాయి. చెర్రీ పూలు, ఎర్ర గేటు జపాన్‌వి. ఆ గేటుని తోరీ అంటారు, షింటో అనే జపాన్ మతం వాళ్ల మందిరానికి ముందు ఉంటుంది, ఇక్కణ్ణించి దేవుడి చోటు మొదలు అని చెప్పే గుర్తు అది, ఫోటో స్టాండ్ కాదు. బుద్ధుడి తల టేబుల్ మధ్యలో పెట్టడం అస్సలు వద్దు, థాయ్‌లాండ్‌లో అయితే బుద్ధుడు అలంకరణ వస్తువు కాదు అని ఏకంగా రోడ్ల పక్కన బోర్డులే పెట్టారు. పైగా చైనా కుటుంబాల్లో పెద్దవాళ్లకి 1937 నుంచి 1945 దాకా జపాన్‌తో జరిగిన యుద్ధం ఇంట్లో చెప్పుకున్న కథ, కొందరికి చూసిన సంగతే. అబ్బాయి వైపు చైనా అని పెట్టుకుని హాలంతా జపాన్ చేస్తే నోరు తెరిచి ఎవరూ ఏమీ అనరు గానీ, "మా గురించి కనుక్కోలేదన్నమాట" అని మాత్రం అనుకుంటారు.

అందుకని ఏషియన్ థీమ్ అనే మాట పక్కన పెట్టేసి చైనా పెళ్లి అనుకో. అనుకోగానే ఖర్చు కూడా తగ్గుతుంది చూడు, ఎందుకంటే పది రకాలు కొనక్కర్లేదు, రెండు మూడు రకాలే ఎక్కువెక్కువ కొంటావు. ఒకే వస్తువు నలభై చోట్ల కనిపిస్తే కావాలని చేసినట్టుంటుంది, నలభై వస్తువులు ఒక్కోటి పెడితే షాపు ఖాళీ చేసినట్టుంటుంది.

ఇక అన్నిటికన్నా చవకైంది చెప్తా. ఎర్ర కాగితం, కత్తెర. ఆనందం అనే చైనా అక్షరాన్ని పక్కపక్కన రెండుసార్లు కలిపి రాస్తారు, జంట ఆనందం అని అర్థం, షువాంగ్ షీ అంటారు. చైనా పెళ్లిళ్లలో తలుపుల మీద, కిటికీల మీద, అద్దాల మీద అంతా అదే ఉంటుంది. దాని అందం ఏంటంటే రెండు వైపులా ఒకేలా ఉంటుంది, అందుకని ఎర్ర కాగితాన్ని నిలువుగా రెండుసార్లు మడిచి నాలుగో వంతు గీసుకుని కత్తిరిస్తే విప్పగానే మొత్తం అక్షరం వచ్చేస్తుంది. మడత వైపు మాత్రం పూర్తిగా కత్తిరించెయ్యకు, విప్పితే నాలుగు ముక్కలు చేతికొస్తాయి, నాకు మొదటి మూడూ అలాగే వచ్చాయి. చైనా కాగితం కత్తిరింపు కళని యునెస్కో 2009లో వారసత్వ కళల జాబితాలో పెట్టింది, అంత గొప్పది మనకి రాదులే, ఈ ఒక్క అక్షరం వస్తే చాలు. స్టేజి వెనక గుడ్డ మీద ఒకటి పెద్దది, మనిషి ఎత్తుది, మిగతావి అరచేయంత, గాజు తలుపుల మీద, గ్లాసుల మీద, టేబుల్ నంబర్ కార్డుల మీద.

టేబుల్ నంబర్లంటే గుర్తొచ్చింది, నాలుగు వెయ్యకు. వాళ్ల భాషలో నాలుగు పలికితే చావు అన్నట్టు వినపడుతుంది. 4, 14 తీసేసి 17 దాకా వెయ్యి, నీ పదిహేను టేబుళ్లకి సరిగ్గా సరిపోతాయి. ఎనిమిది మంచిది, టేబుల్‌కి ఎనిమిది మంది అన్నావుగా, తెలియకుండానే మంచి పని చేశావు.

నిచ్చెన:

కత్తెర అక్క చెప్పింది కరెక్ట్. నేను సీలింగ్ సంగతి చెప్తా, ఎందుకంటే నేను చేసిన తప్పులన్నీ నిచ్చెన మీదే చేశాను.

మొదట, ఒక్క లాంతరు కూడా కొనకముందే హాల్ వాళ్లని రెండు అడగండి. పైన దేనికి కట్టొచ్చు, గోడకి ఏం అంటించొచ్చు. మంటలార్పే నీళ్ల పైపులు పైన ఉంటే వాటికి మాత్రం దారం కూడా కట్టకండి, అది అలంకరణ సమస్య కాదు. నిచ్చెన వాళ్లదేనా మనమే తెచ్చుకోవాలా అన్నది కూడా అడగండి, నేను అడగలేదు, అరగంట ముందు తెలిసింది.

లాంతర్లు ఒక్కొక్కటీ పైకెక్కి కడదామనుకోకండి. గోడ నుంచి గోడకి సన్నటి తీగ కొలుచుకుని, తీగని నేల మీద పరిచి, లాంతర్లన్నీ కిందే కూర్చుని కట్టేసి, తర్వాత రెండు చివర్లూ పట్టుకుని పైకి లాగి కట్టండి. నిచ్చెన ఎక్కడం తీగకి రెండుసార్లే. మధ్యలో కొంచెం కిందకి వంగుతుంది, వంగనివ్వండి, బావుంటుంది. లాంతర్లని తీగకి కట్టడానికి నైలాన్ దారం వాడండి, అదే చేపలు పట్టేది, దూరం నుంచి కనపడదు, లాంతర్లు గాల్లో తేలినట్టుంటాయి. ఒకటి జానెడు కిందకి, ఇంకోటి మూరెడు కిందకి, అలా ఎత్తు మారుస్తూ కట్టాలి, అన్నీ ఒకే గీత మీద ఉంటే బట్టలు ఆరేసినట్టుంటుంది.

సైజులు మూడు తీసుకోండి, 16 అంగుళాలు, 12, 8. అందరూ చిన్నవి ఎక్కువ కొంటారు చవకని, ఎత్తు సీలింగ్‌లో ఎనిమిది అంగుళాలది టమాటాలా కనపడుతుంది. పెద్దవి సగం ఉండాలి. హాలంతా పరచకండి, స్టేజి పైన, గుమ్మం నుంచి స్టేజికి నడిచే దారి పైన, అంతే. ఆ రెండు చోట్లా దట్టంగా కడితే 40 చాలు, మిగతా సీలింగ్ ఎవరూ చూడరు.

లైటు గురించి చెప్పాలి, ఇది ఎవరూ చెప్పరు. ఎర్ర లాంతరు లోపల బల్బు వెలిగిస్తే కింద ఉన్నవాళ్ల మొహాలు కూడా ఎర్రగా పడతాయి ఫోటోల్లో, పెళ్లికూతురు ఎండలో పనిచేసి వచ్చినట్టు ఉంటుంది. అందుకని స్టేజి మీదున్న వాటిలో లైటు పెట్టకండి, అక్కడ లాంతర్ల చుట్టూ పసుపు వెలుగు సీరియల్ లైట్లు వదిలితే చాలు. దారి మీదున్న వాటిలో బటన్ సెల్‌తో నడిచే చిన్న ఎల్ఈడీలు పెట్టండి, ఆ సెల్‌ని సీఆర్ 2032 అంటారు, నాలుగు ఎక్కువ కొనండి, ఎప్పుడూ నాలుగు పనిచెయ్యవు. కొవ్వొత్తి మాత్రం కాగితం లాంతర్లో పెట్టే ఆలోచనే వద్దు.

ఇక ట్యూబ్ లైట్లు ఆపెయ్యండి. హాల్ మారిపోవడానికి పైసా ఖర్చు లేని పని అదొక్కటే. బదులుగా గోడల మొదట్లో నేల మీద పైకి వెలుగు కొట్టే లైట్లు నాలుగైదు అద్దెకి తీసుకోండి, 2700 కెల్విన్ అని ఉంటే మంచి పసుపు వెలుగు వస్తుంది. మీరు మొత్తం డబ్బులో ఎక్కడన్నా గట్టిగా ఖర్చు పెట్టాలంటే ఇక్కడ పెట్టండి, మిగతాదంతా కాగితంతో లాగించెయ్యొచ్చు.

బయట కట్టాలనుకుంటే కాగితం వద్దు, నైలాన్ గుడ్డవి తీసుకోండి. ఒక్క చిన్న జల్లు పడితే కాగితం లాంతరు నానిన అప్పడంలా అయిపోతుంది.

సగంకొంగ:

నా పేరు చూసి ఎవరూ నవ్వకండి, దాని వెనక కథ ఉంది.

మా ఫ్రెండ్ పెళ్లికి జపాన్ థీమ్. వాళ్లిద్దరూ అక్కడే చదువుకుని అక్కడే కలిశారు కాబట్టి ఆ థీమ్‌కి అర్థం ఉంది. వెయ్యి కాగితం కొంగలు కడదాం అన్నాం, సెంబజురు అంటారు, పెద్ద లెక్కేం కాదు 40 కొంగల దండలు 25. కాగితం ఎంత, ఏమీ లేదు, 15 సెంటీమీటర్ల చదరం కాగితాల కట్టలు చవకే. నేనే ముందుకొచ్చా, నాకు మడవడం వచ్చు కదా అని. కొంగకి మూడు నిమిషాలు. వెయ్యింటికి మూడు వేల నిమిషాలు. అంటే యాభై గంటలు. ఈ లెక్క నేను మూడో రోజు రాత్రి వేశాను, మొదటి రోజు వెయ్యాల్సింది.

320 దగ్గర చేతులెత్తేశా. సరిగ్గా ఎనిమిది దండలొచ్చాయి. వాటిని హాలంతా వెయ్యకుండా పెళ్లివాళ్లు కూర్చునే టేబుల్ వెనక మాత్రం బెత్తెడు దూరంలో దట్టంగా వేలాడదీశాం, రంగులు ముదురు ఎరుపు నుంచి లేత గులాబీ దాకా వరసగా, అన్ని ఫోటోల్లో అదే పడింది, వెయ్యి ఉన్నాయా అని ఒక్కళ్లూ లెక్కపెట్టలేదు. కాబట్టి నా సలహా, ఏం చేసినా కెమెరా చూసే చోట చెయ్యండి.

కొంగ అక్కడ దీర్ఘాయుష్షుకి గుర్తు, అందుకే పెళ్లికి బావుంటుంది. హిరోషిమా బాంబు వల్ల లుకేమియా వచ్చి 1955లో చనిపోయిన సదాకో ససాకి అనే చిన్నపాప ఆస్పత్రి మంచం మీద మడిచిన కొంగలు కూడా ఇవే, అప్పట్నించి శాంతికీ, జబ్బు నయమవ్వాలనే కోరికకీ కూడా ఇవి గుర్తయ్యాయి. అది తెలిసి కట్టడం వేరు.

జపాన్ థీమ్ ఎవరన్నా చేసుకునేవాళ్లు ఈ పోస్ట్ చదువుతుంటే ఒక ముక్క. తెలుపు గురించి అక్క చెప్పింది జపాన్‌కి అలాగే వర్తించదు, అక్కడ సంప్రదాయం పెళ్లికూతురు తెల్ల కిమోనోనే కడుతుంది, ఎరుపు తెలుపు కలిపితే శుభం. ఎరుపు తెలుపు చారల తెర శుభకార్యానికి, నలుపు తెలుపు చారలది చావుకి. కిమోనోని బొమ్మకి తొడిగి గుమ్మంలో పెడదామనుకుంటే ఎడమ వైపు అంచు పైకి రావాలి, కుడిది పైకి వేసేది శవానికి. మేము తిరగేసి వేశాం. పెళ్లికొడుకు వాళ్ల ప్రొఫెసర్ గారు ఏమీ అనకుండా వచ్చి నెమ్మదిగా సరిచేసి వెళ్లారు, ఇప్పటికీ తల్చుకుంటే చెమటలు పడతాయి.

ఇంకోటి, గిఫ్టులకీ నాప్కిన్లకీ దారం కడతారు చూడండి, మిజుహికి అని. షూ లేసు ముడిలా లాగితే ఊడిపోయే ముడి పెళ్లికి వెయ్యరు, అది మళ్లీ మళ్లీ రావాలనుకునే సంతోషాలకి, పిల్లలు పుట్టడం లాంటి వాటికి. పెళ్లికి ఊడని గట్టి ముడే. ఎంత బావుందో కదా ఈ లాజిక్.

ఆఖరినిమిషం:

కత్తెర అక్కా నీకు దండం. కార్ట్ ఖాళీ చేసి, ఎందుకైనా మంచిదని అబ్బాయికి ఆ లాంతర్ల ఫోటో పంపించా. అతను వాళ్ల అమ్మమ్మ పక్కనే కూర్చుని ఉన్నాడట. ఆవిడ ఫోన్ చూసి అడిగిందట, "ఎవరు పోయారు?" అని.

చెల్లికి చెప్తే ఒక పూట మాట్లాడలేదు, తర్వాత తనే గేటూ బుద్ధుడూ తీసేసింది. చెర్రీ పూలు మాత్రం వదలనంటోంది. ఏడుపు మొహం పెట్టింది కాబట్టి ఏదన్నా దారి చెప్పండి. టేబుళ్ల మీద ఏం పెట్టాలో కూడా తెలియట్లేదు, 15 టేబుళ్లకీ పూల బొకేలంటే మళ్లీ డెకరేటర్ దగ్గరికే వెళ్లినట్టు. గాజు గ్లాసులో బియ్యం పోసి చాప్‌స్టిక్స్ నిలబెడితే బావుంటుందని ఒక వీడియోలో చూశా, అది చవక కదా?

వెదురుబొంగు:

అయ్యో తల్లీ, ఆ బియ్యం ఐడియా మాత్రం వద్దండీ. అన్నంలో చాప్‌స్టిక్స్ నిలువుగా గుచ్చడం చనిపోయినవాళ్లకి పెట్టేటప్పుడు కనపడే సంగతి, చూడ్డానికి అగరొత్తులు గుచ్చినట్టుంటుంది. భోజనం బల్ల మీదే ఎవరన్నా అలా గుచ్చితే పెద్దవాళ్లు కసురుతారు, మీరు పదిహేను టేబుళ్ల మీద పెడతానంటున్నారు. అవే చాప్‌స్టిక్స్ జతగా పడుకోబెట్టి ఎర్ర దారంతో కట్టి వచ్చినవాళ్లకి చిన్న గుర్తుగా ఇవ్వండి, చాలా బావుంటుంది. చైనా భాషలో చాప్‌స్టిక్స్‌ని క్వాయ్‌జ్ అంటారు, "త్వరగా పిల్లలు" అన్నట్టు వినపడుతుంది, అందుకే పెళ్లికి ఇస్తారు. మీ చెల్లి సిగ్గుపడితే నాకు సంబంధం లేదు.

ఇచ్చే వాటిలో గొడుగు, గడియారం మాత్రం వద్దు. గొడుగు అనే మాట విడిపోవడం అనే మాటలా పలుకుతుంది, గడియారం ఇవ్వడం అంటే చివరి వీడ్కోలు చెప్పినట్టు వినపడుతుంది. అలంకరణకి ఎర్ర కాగితం గొడుగు పెట్టుకోవచ్చు, పెళ్లికూతురు పుట్టింటి గుమ్మం దాటేటప్పుడు ఎర్ర గొడుగు పట్టే అలవాటు వాళ్లకే ఉంది. చేతికిచ్చి పంపడమే వద్దన్నది.

ఇక టేబుళ్లు. నేను వెదురు మనిషిని, నా పేరే అది, కాబట్టి వెదురే చెప్తా. లావుపాటి పచ్చి వెదురు దొరికితే ప్రతి కణుపుకీ ఒక అడ్డుగోడ ఉంటుంది కదా లోపల, దాని కిందగా కోస్తే ఆ కణుపే అడుగు అవుతుంది, పైన తెరిచి ఉంటుంది, ఖర్చు లేని పూల గ్లాసు. సన్నటి పళ్లున్న రంపంతో నెమ్మదిగా తిప్పుకుంటూ కొయ్యాలి, ఒకే వైపు నుంచి లాగితే చివర్లో పీచు లేచిపోతుంది. అంచు ఉప్పు కాగితంతో రుద్దండి, టేబుల్ గుడ్డకి పట్టుకోకుండా. కొన్ని కణుపులు సన్నగా కారతాయి, ముందు రోజు నీళ్లు పోసి చూసుకోండి, కారే వాటిలో చిన్న ప్లాస్టిక్ గ్లాసు దించండి. కోసినవి మూడు వారాల ముందే చేసి పెట్టకండి, పచ్చరంగు పోయి ఎండి పగుళ్లొస్తాయి, మూడు నాలుగు రోజుల ముందు చేస్తే చాలు. లక్కీ బాంబూ అని నీళ్లలో పెట్టి అమ్మేది అసలు వెదురే కాదు, డ్రసీనా అనే వేరే మొక్క, అది కొని కోద్దామనుకునేరు.

టేబుల్‌కి మూడు వెదురు ముక్కలు, పొడుగు ఒకటి, మధ్యస్థం ఒకటి, పొట్టిది ఒకటి. పొడుగు దాంట్లో ఒకే ఒక కొమ్మ. ఒక్క కొమ్మ చాలు, నమ్మండి. తూర్పు ఏషియా పూల అమరికలో ఖాళీ కూడా లెక్కలోకొస్తుంది, ఇక్కడే మీ డబ్బు మిగిలేది. ఆర్కిడ్ ఒక్క కాడ రోజుల తరబడి వాడదు, అది పెట్టొచ్చు. తెల్ల చామంతి, పసుపు చామంతి మాత్రం ఎంత చవగ్గా దొరికినా వద్దు, చైనాలో, జపాన్‌లో, కొరియాలో అవి సమాధుల దగ్గర పెట్టేవి.

మీ చెల్లి చెర్రీ పూలకి దారి ఉంది. అదే కొమ్మని ప్లమ్ పూల కొమ్మ చెయ్యండి. చైనాలో ప్లమ్ పువ్వు అంటే ప్రాణం, చలికాలంలోనే పూస్తుంది కాబట్టి ఓర్పుకి గుర్తు. దూరం నుంచి చూస్తే మీ చెల్లికి చెర్రీనే కనపడుతుంది. తేడా రేకులో ఉంటుంది, చెర్రీ రేకు కొసన చిన్న నొక్కు ఉంటుంది, ప్లమ్ రేకు గుండ్రంగా ఉంటుంది. రెండిటికీ అయిదేసి రేకులే. అంటే గుండ్రం కత్తిరించడం ఇంకా తేలిక.

కొమ్మలు కొనక్కర్లేదు, ఎండి రాలినవి ఏరుకోండి, వంకరగా ఉన్నవే మంచివి. బాగా దులిపి, ఒక రోజు ఎండలో పెట్టి, పురుగు లేదని చూసుకుని లోపలికి తేండి. గులాబీ టిష్యూ పేపర్ ఎనిమిది పొరలు కలిపి ఒకేసారి కత్తిరించి, మధ్యలో వేలితో నొక్కి గ్లూ గన్‌తో అంటించడమే. కొమ్మంతా నింపకండి, గుత్తి గుత్తిగా అక్కడక్కడ, కొన్ని మొగ్గల్లా చిన్న ఉండలు. కొమ్మకి ఇరవై పూలు దాటితే పెళ్లి కేకులా అయిపోతుంది. ఫోన్ చూసుకునే ఇద్దరున్నారన్నారుగా, వాళ్లకి ఈ పని ఇవ్వండి, సినిమా చూస్తూ కూడా చెయ్యొచ్చు.

పక్కింటిపిల్లి:

ఒక మాట చెప్పనా ఎవరూ కోప్పడకండి. సొంతంగా చేస్తే చవక అని అందరూ అంటారు గానీ, గ్లూ గన్, జిగురు కడ్డీలు, పాడైపోయిన కాగితం, చివర్లో కంగారుగా కొన్నవి, పని చేసేవాళ్లకి పెట్టిన టిఫిన్లు, ఇవన్నీ కలిపి చూసుకోండి. మా అన్నయ్య పెళ్లికి అంతా సొంతంగా చేసి చివరికి మిగిలింది మేమనుకున్న దాంట్లో సగమే. మిగలలేదని కాదు. టేబుల్ గుడ్డలు మాత్రం కుట్టించకండి, అద్దెకి తీసుకోండి, ఉతికి ఇస్త్రీ చేసి వాళ్లే ఇస్తారు.

లాంతర్లు చవగ్గా కావాలంటే చైనా కొత్త సంవత్సరం అయిపోయిన వెంటనే వెతకండి, అది జనవరి 21కీ ఫిబ్రవరి 20కీ మధ్య వస్తుంది ఏటా, ఆ తర్వాత మిగిలినవి తగ్గించి అమ్ముతారు. కాకపోతే వాటి మీద ఏం రాసుందో చూసుకుని కొనండి, ఎక్కువ వాటి మీద ఫు అని అదృష్టం అక్షరం ఉంటుంది, అది పెళ్లికి తప్పేం కాదు గానీ "నూతన సంవత్సర శుభాకాంక్షలు" అని రాసుంటే అందరూ నవ్వుతారు. ఫు అక్షరాన్ని కొత్త సంవత్సరానికి కావాలనే తలకిందులుగా అంటిస్తారు, అది చూసి మీ జంట ఆనందాన్ని కూడా తిప్పెయ్యకండి.

పెళ్లి అయ్యాక ఆకాశంలోకి లాంతర్లు వదులుదాం అని ఎవరో ఒకరు అంటారు, ప్రతి పెళ్లిలో ఒకడుంటాడు. వద్దు. 2020 కొత్త సంవత్సరం రాత్రి జర్మనీలో క్రెఫెల్డ్ జూ మీద అవి పడి కోతుల ఇల్లు కాలిపోయి ముప్పైకి పైగా జంతువులు చచ్చిపోయాయి. చాలా చోట్ల నిషేధం కూడా.

సగంకొంగ:

పిల్లి గారూ నిజం చెప్పారు, నా కొంగల కాగితం ఎంత వేస్టయిందో నేను ఎవరికీ చెప్పలేదు.

ఇంకోటి గుర్తొచ్చింది, గుమ్మం దగ్గర పెట్టడానికి జంట బాతుల బొమ్మలు. చైనాలో మాండరిన్ బాతుల జంట అంటే విడిపోని దంపతులు. ఏ కాగితం మీదన్నా ప్రింట్ తీసి అట్టకి అంటించి నిలబెట్టొచ్చు. అసలు బాతులు మాత్రం ఏటా జత మార్చుకుంటాయట, ఆ సంగతి పెళ్లి రోజు మైకులో చెప్పకండి.

ఆఖరినిమిషం:

అప్‌డేట్. ఎర్ర లాంతర్లు 40 వచ్చాయి, 16 అంగుళాలవి సగం. సీరియల్ లైట్లు పక్కింటివాళ్లు ఇస్తామన్నారు. కొమ్మలు నాన్న ఏరుకొచ్చారు, అవసరానికి మూడింతలు, ఇంట్లో నడవడానికి చోటు లేదు. చెల్లి ప్లమ్ పూలకి ఒప్పుకుంది, ఎలాగంటే నేను చెర్రీ అనే చెప్పాను.

జంట ఆనందం నేను ఆరు కత్తిరించా, నాలుగు విడిపోయాయి. అది వీడియో తీసి నవ్వుకోమని అబ్బాయికి పంపితే మర్నాడు వాళ్ల అమ్మమ్మ దగ్గర నుంచి వీడియో వచ్చింది, ఆవిడ గీత కూడా గియ్యకుండా మడిచి కత్తెర రెండు నిమిషాలు తిప్పి విప్పి చూపించింది, అంచుల్లో పూలు కూడా వచ్చాయి. ఎన్ని కావాలి అని అడిగిందట. 45 అంటే, బేసి సంఖ్య ఏంటి జతలుగా ఉండాలి అని 48 చేస్తానందట. ఇప్పటికి ముప్పై అయ్యాయి. స్టేజి మీద పెద్దది కూడా తనే చేస్తానని ఎర్ర కాగితం చుట్ట తెప్పించుకుంది, దాన్ని నేల మీద పరిచి కత్తిరించడానికి ఇంట్లో సోఫాలు జరిపిస్తోందని అబ్బాయి గోల పెడుతున్నాడు.

ఇప్పుడు నా సమస్య ఒకటే, హాల్ వాళ్లు గోడలకి టేపు, జిగురు ఏదీ అంటించొద్దన్నారు, గాజు తలుపులకి మాత్రం ఓకే. ఆవిడ చేసిన 48 కాగితాలూ గోడల మీద ఎలా నిలబెట్టాలి? నిచ్చెన గారూ ఉన్నారా?

నిచ్చెన:

ఉన్నా. గోడకి వద్దు, గోడకి ముందు పెట్టండి. లాంతర్లు కట్టిన అదే నైలాన్ దారం పైనుంచి కిందకి వదిలి, దారానికి ఒకదాని కింద ఒకటి నాలుగేసి అంటించండి, పన్నెండు దారాలు. నాలుగు అన్నానని ఆవిడకి చెప్పకండి, ఆరేసి పెట్టండి, ఎనిమిది దారాలు. కింద చివర్న చిన్న బరువు కట్టాలి, ఇనప వాషర్ ఒకటి చాలు, లేదంటే ఏసీ గాలికి అన్నీ వెనక్కి తిరిగిపోతాయి.